పక్కింటి ధర

మా ఇంట్లో ఒక వీడియో గేమ్ ఉండేది. పక్కింట్లోనూ ఒకటి ఉండేది. రెండూ ఒకే రకం. తెల్ల డబ్బా, దాని మీద ఎర్ర గీత, రెండు రిమోట్లు, ఒక నల్ల గన్ను, పసుపుపచ్చ క్యాసెట్టు. అందులో ఆటలు కూడా అవే: ట్యాంకులు, మోటారు సైకిళ్ళు, పొదల్లోంచి ఎగిరే బాతులు. వాళ్ళది బ్లాక్ అండ్ వైట్ టీవీ, మాదీ అదే. వాళ్ళ ట్యాంకు ఎంత బూడిద రంగులో ఉండేదో మా ట్యాంకూ అంతే బూడిద రంగులో ఉండేది. మరి దేనికమ్మా నీ ఏడుపు అంటే, ధరకి. మాకు పధ్నాలుగు వందలు పడింది. వాళ్ళకి ఎనిమిది వందల యాభై పడింది.

వస్తువు లేదని ఏడ్చేవాళ్ళను చూసి ఎవరైనా జాలిపడతారు. వస్తువు ఒళ్ళో పెట్టుకుని, అదే పక్కవాళ్ళకి తక్కువకి వచ్చిందని ఏడ్చేదాన్ని చూసి ఎవరు జాలిపడతారు? నా మీద నాకే జాలి లేదు. కుళ్ళుబోతుని, ఒప్పుకుంటాను. అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఇప్పుడు తల నెరిసింది. కుళ్ళు మాత్రం అలాగే ఉంది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, తొంభైల మొదట్లో, ఎవరింట్లో కొత్త వస్తువు కనిపించినా బాగుంది అనేకంటే ముందు రెండు ప్రశ్నలు వచ్చేవి. ఎక్కడిది? ఎంత పడింది? నారింజలు నాగపూర్ వైపు నుంచి రావాలి. చీరలు, గొడుగులు, స్టీలు గిన్నెలు కలకత్తా నుంచి రావాలి. చింతపండు, తాటి బెల్లం విజయనగరం నుంచి వస్తే తప్ప మా అమ్మలకి నోట్లోకి దిగేవి కావు. ఉన్న ఊళ్ళో కొన్నామంటే అది చేతకానితనం కింద లెక్క. లైను మీద డ్యూటీ చేసే గార్డులు, డ్రైవర్లు అందరికీ అన్నీ తెచ్చిపెట్టేవాళ్ళు. తెచ్చినందుకు ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. చేతిలో డబ్బు పెట్టి అడిగినవాళ్ళకి తేను అనకూడదు. ఎవరూ రాసి పెట్టిన రూలు కాదు గానీ, డ్యూటీ పాసు కంటే గట్టిగా నడిచేది.

మా నాన్న షెడ్డులో ఫిట్టరు. ఆయన ఎక్కడికీ వెళ్ళడు, ఇంజన్లే ఆయన దగ్గరికి వస్తాయి. అందుచేత మేము ఎప్పుడూ అడిగేవాళ్ళమే తప్ప తెచ్చిపెట్టేవాళ్ళం కాము. పక్క క్వార్టరు మావయ్య గూడ్సు గార్డు. వాళ్ళదీ మాదీ తాతల నాడు విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. చుట్టరికం లేకపోయినా ఆవిడ మా నాన్నను అన్నయ్యా అనేది, నేను ఆవిడను అత్తా అనేదాన్ని. మావయ్య డ్యూటీ ఝార్సుగూడ దాకానే. కానీ అక్కడ ఇంకో గార్డుకి చెబితే, ఆయన చక్రధర్‌పూర్‌లో మరొకరికి చెప్పి, మాట అలా అలా ఖరగ్‌పూర్ చేరేది. అక్కడ ఉండే అత్త తమ్ముడు కలకత్తా వెళ్ళి కొనేవాడు. వారం పది రోజుల్లో సరుకు చేతులు మారుతూ గూడ్సు చివర గార్డులుండే బ్రేకు వ్యానుల్లో వెనక్కి వచ్చేది. మావయ్య నల్ల పెట్టె మూత తీస్తే కాలనీ ఆడవాళ్ళందరూ చుట్టూ చేరేవాళ్ళు. అత్త మధ్యలో పీట వేసుకుని కూర్చుని, ఇది ఎవరిది, అది ఎవరిది అని పంచేది. ఆ పీట చూస్తే నాకు ఒళ్ళు మండేది.

వాళ్ళమ్మాయి నా క్లాసు, నా బెంచీ. అందరూ మమ్మల్ని జంట అనేవాళ్ళు. జంట ఏమిటి, నా బొంద! ఆ పిల్లకి ఏదీ కష్టపడి రాలేదు. పెన్సిలు చెక్కే మిషను, లైటు వెలిగే కీచెయిను, బొమ్మలున్న టిఫిన్ డబ్బా, అన్నీ కలకత్తావే, అన్నీ చవకే. పోనీ గొప్పలు పోతుందా అంటే అదీ లేదు. గొప్పలు పోతే ఇంటికొచ్చి అమ్మతో నాలుగు చాడీలు చెప్పుకుని పడుకునేదాన్ని. "నీకూ కావాలా, నాన్నకి సెప్తాను" అనేది. అది ఇంకా చచ్చే బాధ.

మా ఇంట్లో దసరా బోనస్ వంతుల వారీగా నడిచేది. ఒక ఏడాది నాన్నది, ఒక ఏడాది అమ్మది, ఒక ఏడాది నాది. నాన్న వంతుకి సైకిలు వచ్చింది, అమ్మ వంతుకి మిక్సీ వచ్చింది. నా వంతు వచ్చిన సంవత్సరం నేను వీడియో గేమ్ కావాలన్నాను. అప్పటికి మా కాలనీలో ఎవరింట్లోనూ లేదు. స్టేషను రోడ్డులో ఒక దుకాణంలో గంటకి ఇంత అని తీసుకుని మగపిల్లల్ని ఆడనిచ్చేవాళ్ళు. ఆడపిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు.

నాన్న ఎప్పటిలాగే అన్నాడు. "గార్డు మావయ్యకి సెప్దాం. కలకత్తాలో చవగ్గా వస్తాది."

"వద్దు" అన్నాను.

"ఏటి, ఎందుకు వద్దు?"

ఎందుకంటే మావయ్యకి చెబితే అత్తకి తెలుస్తుంది, అత్తకి తెలిస్తే ఆ పిల్లకి తెలుస్తుంది. ఒకటి తెచ్చేవాడు రెండు తెప్పిస్తాడు. ఇద్దరికీ ఒకే రోజు వస్తుంది. ఇంకా చెప్పాలంటే పెట్టె వాళ్ళింట్లోనే దిగుతుంది కాబట్టి ముందు ఆ పిల్లే చూస్తుంది. ఒక్కసారి, జీవితంలో ఒక్కసారి, ముందు నా ఇంట్లో ఉండాలి, తర్వాత ఆ పిల్ల వచ్చి చూడాలి. ఇదంతా నాన్నకి ఎలా చెప్తాను? "ఇక్కడే కొను నాన్నా, వాళ్ళ కోసం ఎన్నాళ్ళు ఆగుతాం" అని గారాలు పోయాను. నా వంతు కదా, ఆయన కాదనలేదు.

గోల్‌బజార్ దుకాణంలో పధ్నాలుగు వందలు అన్నారు. నాన్న తనకొచ్చిన హిందీలో అరగంట బేరం చేశాడు. దుకాణందారు ఒక్క పైసా దిగలేదు, పైన రెండు పెన్సిలు సెల్లులు ఇచ్చాడు. అవి గేమ్‌కి అక్కర్లేదు కూడా. ఇంటికొచ్చాక అమ్మ ముందుగా చెప్పిన మాట ఇది: "ఎవరడిగినా ధర సెప్పకు. గోల్‌బజార్‌లో కొన్నామంటే పళ్ళికిలిస్తారు."

పదకొండు రోజులు నేను రాణిని. కాలనీ పిల్లలు గుమ్మంలో చెప్పులు విడిచి వరసలో కూర్చునేవాళ్ళు. ఆ పిల్ల కూడా వచ్చింది. మంచం మీద నా పక్కన కూర్చుని ట్యాంకుల ఆట ఆడింది, ఓడిపోయింది. చాలా బాగుంది అంది. ఎంత పడింది అని అడిగితే, నాన్నకే తెలుసు అన్నాను. ఆ పదకొండు రోజులు నాకు అన్నం ఎంత రుచిగా ఉండేదో చెప్పలేను.

పన్నెండో రోజు మధ్యాహ్నం అత్త మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో సరిగ్గా అలాంటి అట్టపెట్టె.

"వదినా, సూడు. మా తమ్ముడు కలకత్తా ఖిదిర్‌పూర్ రేవుకాడ కొని పంపీసాడు. మీ గుంట ఆడతంటే మా గుంట కూడా అడిగింది. ఎనిమిదొందల యాబయ్యే. మీకెంత పడింది?"

అమ్మ పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంటూ లోపలికి పరుగెత్తింది. పొయ్యి మీద పాలు లేవు, అసలు పొయ్యే వెలిగించలేదు. నేను స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని నీళ్ళు వదిలి ఏడ్చాను. సాయంత్రం నాన్నకి తెలిసింది.

"పోన్లేమ్మా. మనకి పదకొండు రోజులు ముందొచ్చింది కదా."

నేను అక్కడే లెక్క కట్టాను. ఐదు వందల యాభై ఎక్కువ ఇచ్చి పదకొండు రోజులు కొన్నాము. రోజుకి యాభై రూపాయలు. లెక్కలు అంత చక్కగా కుదరడం కూడా నా కర్మే అనుకున్నాను.

అప్పటినుంచి ఆట ఆటలా లేదు. గోడ అవతల నుంచి గేమ్ పెట్టగానే వచ్చే అదే పాట వినిపించేది, మా పాట కంటే ఒక్క క్షణం వెనకగా. మా డబ్బాకి అమ్మ గుడ్డ కుట్టి కప్పింది. రోజుకి గంట మాత్రమే, వేడెక్కుతుంది, పాడైతే పధ్నాలుగు వందలు అనేది. వాళ్ళింట్లో గుడ్డ లేదు, గంట లేదు. ఎవరడిగినా ఆ పిల్ల రిమోటు చేతికిచ్చేసేది. ఒకసారి రాత్రంతా వసారాలో వదిలేసిందట కూడా. ఎనిమిది వందల యాభైకి వస్తే నేనూ అంత ధారాళంగానే ఉండేదాన్ని. మా ఇంటికి వచ్చే పిల్లలు ఒక్కొక్కరే గోడ అవతలికి మారిపోయారు. నేను కిటికీలోంచి వాళ్ళ చెప్పులు లెక్కపెట్టి కళ్ళల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

ఇక అబద్ధం సంగతి. స్కూల్లో ఇంటర్‌వెల్లు. ఐదారుగురం రేగుపళ్ళు ఉప్పు అద్దుకుని తింటున్నాం. ఎవరో అడిగితే ఆ పిల్ల మామూలుగా, ఏ గొప్పా లేకుండా, తమ గేమ్ ఎనిమిది వందల యాభై అని చెప్పింది. బజార్లో పదిహేను వందల దాకా ఉంది కదా, వాహ్, అని అందరూ ఆశ్చర్యపోయారు. అందులో ఒకతి నా వైపు తిరిగి, "మరి మీది?" అంది.

నోరు జారిందని చెప్పను. జారలేదు, నేనే తెరిచాను. "మాకు ఏడు వందలే పడింది" అన్నాను.

"సాత్ సౌ? ఎక్కడ?"

"వ్యాపార్ విహార్‌లో. లారీలు దిగేచోట హోల్‌సేల్ ఆయన ఉన్నాడు, మా నాన్న దోస్తు. బయటివాళ్ళకి ఇవ్వడు."

ఆ పిల్ల నమిలే రేగుపండు ఆపింది. "అచ్ఛా? సచ్?" అంది. ముఖం చిన్నదైపోయింది. ఖరగ్‌పూర్, ఝార్సుగూడ, బ్రేకు వ్యాను, నల్ల పెట్టె, ఆ పీట, అన్నీ కలిపి నూట యాభై రూపాయలు ఓడిపోయాయి. మిగతా పిల్లలు నా చుట్టూ మూగారు. అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో! తర్వాత గంట చరిత్ర క్లాసులో ఒక్క ముక్క వినలేదు. నాలో నేను ఏడు వందలు, ఏడు వందలు అనుకుంటూ కూర్చున్నాను.

ఆ హాయి మూడు రోజులు నిలిచింది. శుక్రవారం సాయంత్రం నాన్న షెడ్డు నుంచి వచ్చి వాకిట్లో కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. అత్త వచ్చింది. కొంగులో నోట్లు.

"అన్నయ్యా, లాల్‌ఖదాన్‌లో మా ఆడపడుచు కొడుకు పుట్టినరోజు. ఆడికీ గేమ్ కావాలంట. మీ హోల్‌సేలాయన ఏడొందలకే ఇస్తాడంట కదా, మా గుంట సెప్పింది. ఇన్నాళ్ళూ సెప్పనేదేటి మీరు! ఇగో, ఏడొందలు." చేతులు జిడ్డుగా ఉన్నాయని నాన్న అందుకోలేదు. ఆవిడ నోట్లు కిటికీ గట్టు మీద పెట్టి పైన సబ్బు డబ్బా బరువు పెట్టింది. "ఎప్పుడూ మేమే తెచ్చీడమేటి, ఒకసారి మీరూ తెచ్చీండి" అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపేమీ లేదు. ఉంటే ఎంత బాగుండేది.

నాన్న నా వైపు చూశాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆయన అప్పుడే, అలాంటి మనిషెవడూ లేడమ్మా, అనేస్తే అయిపోయేది. కానీ అలా అంటే, పదమూడేళ్ళ తన కూతురు నలుగురిలో అబద్ధమాడిందని గోడ పక్కన నిలబడి ఒప్పుకున్నట్టయ్యేది. ఆయన గుడ్డ మడిచి మళ్ళీ విప్పాడు.

"సరేనమ్మా. సూద్దాం" అన్నాడు.

ఆవిడ వెళ్ళాక అమ్మ నా చెవి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఏడుస్తూ మొత్తం చెప్పాను. నాన్న నేల మీద కూర్చుని విన్నాడు.

"స్టాకు నేదని సెప్పీండి" అంది అమ్మ. "పిల్లకి బుద్ధి నేకపోతే మనకీ నేదేటి? డబ్బు ఎనక్కిచ్చీండి."

"ఇయ్యాల స్టాకు నేదంటాను. వచ్చే నెల ఇంకొకావిడ వస్తాది. ఆడి దుకాణం ఎక్కడో సూపించు, నానే ఎల్తానంటాది. అప్పుడేటి సెప్తావు? ఆడు సచ్చిపోనాడని సెప్తావేటి?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. అదే భయంగా ఉంది.

ఆదివారం పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను సైకిలు వెనక కూర్చోమన్నాడు. "నువ్వు సెప్పిన మనిషిని ఎతుకుదాం. ఏమో, నిజంగానే ఉన్నాడేమో" అన్నాడు. వ్యాపార్ విహార్‌లో లారీలు, బస్తాలు, పప్పుల దుమ్ము, హమాలీల కేకలు. అడిగి అడిగి మూడో వరసలో ఒక గోదాము దగ్గరికి చేరాము. లోపల నిజంగానే రేడియోలు, టార్చిలైట్లు, వీడియో గేమ్‌ల అట్టపెట్టెలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. దేవుడు నా అబద్ధాన్ని నిజం చేశాడనే అనుకున్నాను.

"ఎన్ని డజన్లు?" అన్నాడు సేఠ్, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

"ఒకటి" అన్నాడు నాన్న.

"ఒక డజనా?"

"కాదండీ. ఒక్కటి."

అప్పుడు తల ఎత్తాడు. పక్కనున్న గుమాస్తా నవ్వాడు. డజను తీసుకుంటే ఒక్కొక్కటి పదకొండు వందలు, విడిగా అమ్మను అన్నాడు సేఠ్. నాన్న రెండు చేతులూ జోడించాడు. పిల్ల కోసం సేఠ్‌జీ, ఏడు వందలకి ఒక్కటి ఇప్పించండి, పెద్ద అవసరం వచ్చింది, అన్నాడు తన ముక్కల హిందీలో. సేఠ్ చెడ్డవాడు కాదు. విసుక్కోకుండా చెప్పాడు. కలకత్తాలో ఓడ దిగిన చోట బిల్లు లేకుండా చేతికి వచ్చేదాని ధర వేరు. అదే పెట్టె లారీలో ఇక్కడికి రావాలంటే కిరాయి, టాక్సు, ఊరి పొలిమేరలో కట్టే చుంగీ సుంకం, దారిలో పగిలినవాటి నష్టం, అన్నీ దాని మీదే పడతాయి. "ఊరు మారితే ధర మారుతుంది బాబూ. ఏడు వందలకి ఏ ఊళ్ళోనూ రాదు. ఎవరు చెప్పారు నీకు?"

నాన్న ఎవరు చెప్పారో చెప్పలేదు. నేను ఆయన చొక్కా వెనక నిలబడ్డాను. ఆ చొక్కా వీపు మీద ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. ఇంజన్ల కింద దూరి పనిచేసేటప్పుడు కూడా మా నాన్న నాకు అంత వంగినట్టు కనిపించలేదు.

తిరిగి వచ్చి ఇంటి ముందు సైకిలు స్టాండు వేశాక నాన్న మెట్టు మీద కూర్చుని నన్ను ఎదురుగా నిలబెట్టాడు.

"ఇను. రెండే ఉన్నాయి. ఒకటి, నువ్వు పక్కింటికెల్లి, అత్త దగ్గరా ఆ గుంట దగ్గరా, నాను అబద్ధమాడేను, మాకు పధ్నాలుగొందలు పడింది అని సెప్పు. డబ్బు ఎనక్కిచ్చీ. నాను కూడా నీతో వస్తాను, ఎవులూ నిన్ను ఏటీ అనరు. గేమ్ నీకుంటాది. రెండు, గేమ్ తుడిచి పెట్టెలో ఎట్టి ఆలకి ఇచ్చీ. ఏడొందలకి. నీ వంతు డబ్బుతో కొన్నది, నీ ఇష్టం."

నేను మర్నాటి దాకా గడువు అడిగాను. ఆ పూట గుడ్డ తీసి గేమ్ పెట్టుకున్నాను. అమ్మ గంట అయిందని అనలేదు. ట్యాంకుల ఆటలో ఎప్పుడూ దాటని మెట్టు దాటాను. ఆ చెప్పడం ఎంతసేపు పడుతుంది అనుకున్నాను. గోడ అవతలే కదా. అత్తకి చెప్పగలను. మావయ్యకైనా చెప్పగలను. కానీ ఆ పిల్ల ఎదురుగా నిలబడి పధ్నాలుగు వందలు అనాలి. ఆ పిల్ల "అచ్ఛా" అంటుంది. అని, "పోన్లే, ఏడవకు" అంటుంది. చెయ్యి కూడా పట్టుకుంటుంది. ఆ చెయ్యి తలచుకోగానే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టైంది.

సోమవారం స్కూలు నుంచి రాగానే తడిగుడ్డతో డబ్బా తుడిచాను. తీగలు మొదట ఉన్నట్టే చుట్టాను. అట్టపెట్టెను అమ్మ మంచం కింద భద్రంగా దాచే ఉంచింది. నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి పెట్టె గుమ్మం దగ్గర ఉంది. ఆయన పెట్టెను చూశాడు, నన్ను చూశాడు. నేను వెళ్ళి నిజం చెబుతాననే ఆయన ఆశపడ్డాడని అప్పుడు తెలిసింది. ముఖం ఎలా పడిపోయిందంటే, నేను ఇక అటు చూడలేకపోయాను. "సరే. ఎత్తుకో" అన్నాడు.

పెట్టె నేనే మోశాను. అత్త పీట మీద కూర్చుని మూత విప్పింది. ఏడు వందలకి ఎంత చక్కటి సరుకు, అన్నయ్యా, మీరు గట్టివారే, అంటూ మురిసిపోయింది. నాన్న తల దించుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. ఆ పిల్ల వచ్చి పక్కన కూర్చుని రెండో రిమోటు చేతిలోకి తీసుకుంది. వెనక్కి తిప్పింది. కింది మూల చిన్న పెచ్చు ఊడి ఉంది. గేమ్ మా ఇంటికొచ్చిన నాలుగో రోజున మంచం మీంచి సిమెంటు నేల మీద పడేసింది ఆ పిల్లే. పగిలిందేమోనని నా కంటే ముందు తనే ఏడ్చింది.

బొటనవేలు ఆ పెచ్చు మీద పెట్టి నా వైపు చూసింది. చెప్పెయ్, చెప్పెయ్, అనుకున్నాను. చెప్పకు తల్లీ అని కూడా అనుకున్నాను.

"ఏటే, ఏదైనా ఇరిగిందేటి?" అంది అత్త.

"లేదమ్మా" అంది ఆ పిల్ల. రిమోటు బోర్లా పెట్టి, దాని మీద గన్ను సర్ది, మూత వేసేసింది. "కొత్తదే. మన దానికంటే బాగుంది."

నాన్న ఏడు వందలు నా చేతిలో పెట్టాడు. నీ వంతుది, నువ్వే ఉంచు అన్నాడు. రెండు రోజుల తర్వాత స్కూలు దారిలో ఆ పిల్ల మెల్లిగా, ఖరగ్‌పూర్ మావయ్యకి చెప్పి ఒకటి తెప్పిస్తాను, ఎవరికీ చెప్పను, అంది. నా దగ్గర ఏడు వందలున్నాయి. నూట యాభై నాన్న కలిపేవాడే. అదే డబ్బా, అదే ఎర్ర గీత, వాళ్ళ ధరకే, వారంలో నా ఇంట్లో ఉండేది. ఔను అంటే చాలు. "నాకు ఆ ఆట బోరు కొట్టింది, అందుకే ఇచ్చేశాం" అన్నాను. "అచ్ఛా" అంది. సాయంత్రాలు గోడ అవతల నుంచి పాట వినిపిస్తే నేను రేడియో పెట్టేదాన్ని.

ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మకి చెప్పలేదు, క్లాసులో చెప్పలేదు, మేము పోట్లాడుకున్న రోజుల్లో కూడా నోరు విప్పలేదు. చెప్పేసి ఉంటే నాలుగు రోజులు ఏడ్చి, నలభై రోజులు తిట్టుకుని, మరిచిపోయేదాన్ని. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరం, ఒకే డబ్బా గురించి చెరో అబద్ధం ఆడాము, నేను ఏడు వందలేనని, తను కొత్తదేనని. నా దానికి నా గేమ్ పోయింది, మా నాన్న ఒక గోదాము గుమ్మంలో చేతులు జోడించాడు. తన దానికి ఏమీ ఖర్చు కాలేదు, పైగా మంచిదనిపించుకుంది. నా దగ్గర అనిపించుకుంది, నేను కాదనలేను. అది కూడా ఆ పిల్లకే చవగ్గా వచ్చింది. దానికీ కుళ్ళుకున్నాను, ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను.